పూలబాట కింద

ఉమెగావా,
1984 ఫిబ్రవరి 12

షినో అత్తయ్య గారికి,

కొండల మీద మంచు ఇంకా కరగలేదు. మీ ఒసాకాలో చలి ఎలా ఉందో.

ముందు నేనెవరో చెప్పుకోవాలి. తలుపుల వడ్రంగి కుమాజో గారి అబ్బాయిని, తెత్సురోని. మీరు నాటకాలవాళ్లతో ఊరు వదిలి వెళ్లేనాటికి నాకు ఎనిమిది నెలలట. అంటే మీరు నన్ను చూశారు, నేనే మిమ్మల్ని చూడలేదు.

నవంబరులో అమ్మ పోయింది. ఆమె పెట్టె సర్దుతుంటే నాలుగు మడతలు వేసిన ఒక గుడ్డలో మీ కొత్త సంవత్సరం కార్డులు కనిపించాయి, ఏడాదికి ఒకటి చొప్పున. నేను ఈ ఊరి పోస్టుమాన్‌ని అత్తయ్యా. ఇరవై ఏళ్లుగా ఊరి ఉత్తరాలన్నీ నా సంచిలోంచే వెళ్తున్నాయి. మా ఇంటికి వచ్చినవి మాత్రం అమ్మ పోస్టాఫీసుకు వచ్చి నాకంటే ముందే తీసుకెళ్లిపోయేదన్నమాట! నాన్నకు తెలియకూడదని కాబోలు.

ఇప్పుడు అసలు సంగతి. మన హినజురు నాటకశాల మీకు గుర్తుండే ఉంటుంది. ఆటలు ఆగి పదిహేనేళ్లు. కలప నిల్వ చేసుకునే కొట్టంలా వాడుకున్నారు. ఇప్పుడు దాన్ని పడగొట్టి కార్లు నిలిపే చోటు చేస్తామని పురపాలకవాళ్లు అన్నారు. టోఫు కొట్టు హిసానో గారు తెలుసు కదా, ఆవిడ సభలోనే లేచి, "ఆ దూలాలు మోసినవాళ్లలో మా తాత ఒకడు. ముందు నన్ను పడగొట్టి తర్వాత దాన్ని పడగొట్టండి" అంది. డెబ్బై ఏళ్ల మనిషిని ఎవరు పడగొడతారు? చివరికి గడువు ఇచ్చారు. మే 13న ఆట పెట్టి చూపించాలి. శాల నిలబడాలి, జనం నిండాలి. జూన్‌లో ఓటు వేస్తారు.

ఇరవై ముగ్గురం పోగయ్యాం. ఆదివారాలు అందరం అక్కడే. పైకప్పు ఎక్కుతున్నాం, దుమ్ము మింగుతున్నాం. కానీ ఆడేవాళ్లు లేరు. ఈ పాత శాలకు ఏ బృందమూ రానంటోంది. మీరు రావాలి. జనం మధ్యగా రంగస్థలం దాకా పోయే ఆ హినజురు పూలబాట మీద నడిచి వెళ్లిన ఈ ఊరి నటి మీరొక్కరే.

నాన్న ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ శాల గుమ్మం తొక్కలేదు. అది వేరే సంగతి.

ఇట్లు
తెత్సురో

---

ఒసాకా,
ఫిబ్రవరి 20

ఒరేయ్ తెత్సురో,

అత్తయ్య గారు, మీరు, తమరు! నా ఒళ్లో పడుకుని నా ఒక్కగానొక్క మంచి కిమోనో తడిపినవాడివి, నాకు మర్యాదలు చేస్తావా? నువ్వు అను.

వదిన పోయిందని రాశావు. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టి, మర్నాడు గాని మిగతాది చదవలేకపోయాను. నేను ముప్పై ఎనిమిది కార్డులు రాశాను. ఆమె ఒక్కదానికీ జవాబు రాయలేదు. కోపమనుకున్నాను. దాచుకుందని ఇప్పుడు తెలిసింది. పెద్దలను తలచుకునే పండుగ రోజు ఆమె ఫొటో ముందు నా పేరున ఒక నారింజ పెట్టు. పుల్లనిది పెట్టు, ఆమెకు అదే ఇష్టం.

శాల నాకు గుర్తుందా అని అడుగుతావా! మా అమ్మ అక్కడ జనం కూర్చోవడానికి చాపదిండ్లు అద్దెకిచ్చేది. అన్నయ్యా నేనూ రంగస్థలం కింద నరకంలో పెరిగాం. కింద చీకటిగా ఉంటుందని మనవాళ్లు దానికి నరకమని పేరు పెట్టారు గాని, మా ఇద్దరికీ అంత చల్లని చోటు ఊళ్లో ఇంకోటి లేదు. రంగం తిప్పడానికి నలుగురు మనుషులు దుంగలు తోస్తుంటే అన్నయ్య పదమూడేళ్లకే ఐదో మనిషిగా దూరేవాడు.

ఆ అన్నయ్యే, నేను వెళ్లిపోయిన ఉదయం, గుమ్మం దాటీ దాటకముందే నా వెనక తలుపు మూసి గడియ వేశాడు. ఆ చప్పుడు నేను ఎన్ని ఊళ్లు తిరిగినా వినపడుతూనే ఉంది.

కాబట్టి మీ నాన్నను అడుగు. అడిగి, ఆయన ఏమంటే అది అన్నది అన్నట్టు రాయి. చక్కెర కలపకు. నాకు ఇప్పటికీ పిలుపులు వస్తూనే ఉంటాయి, తీరిక చూసుకోవాలి.

నీ అత్త
షినో

---

ఉమెగావా,
మార్చి 4

అత్తయ్యా,

'నువ్వు' అనడానికి నా నోరింకా తిరగడం లేదు. ప్రస్తుతానికి 'మీరు' అనే రాస్తాను, తిట్టకండి.

పై అంతస్తు కడగడం అయింది. హిసానో గారు మోకాళ్ల మీద కూర్చుని నేల తుడుస్తూ మగవాళ్లను తిడుతూ ఉంటుంది. ఆ తిట్లకే సగం దుమ్ము లేచిపోతోంది. కింద నరకం పని మంగలి మినేకిచి గారిది. తిరిగే రంగం ఇరుసుకు ఎనిమిది డబ్బాల గ్రీజు పట్టించాడు. నిన్న నలుగురం తోస్తే అది అరచేయంత కదిలింది. అంత మాత్రానికే అందరం చప్పట్లు కొట్టుకున్నాం.

ఒక వింత. మేం ఆదివారం సగంలో వదిలేసిన పని మళ్లీ వచ్చేసరికి పూర్తయి ఉంటోంది. ప్రేక్షకులు కూర్చునే గళ్ల చుట్టూ విరిగిన చెక్క కమ్ములు వరసగా అతుకుతున్నాయి. అతుకు ఎక్కడుందో వేలికి కూడా తగలదు. "శాలకు దయ్యం పట్టింది, మంచి పనిమంతురాలు" అని మినేకిచి గారు దండం పెడుతున్నాడు.

నాన్నను అడిగాను. ఆయన చిత్రిక పడుతున్నాడు, తల ఎత్తలేదు. ఇలా అన్నాడు. మీరు కోరినట్టే రాస్తున్నాను: "ఆ పూలబాట మీద దాన్ని అడుగు పెట్టనివ్వను. నేను బతికుండగా కుదరదు."

అంతే. మళ్లీ చిత్రిక పట్టుకున్నాడు. ఆయన మాట పట్టించుకోకండి. శాల ఆయనది కాదు, ఊరిది. మీరు వస్తారని నేను అందరికీ చెప్పేశాను.

తెత్సురో

---

ఒసాకా,
మార్చి 12

తెత్సురోకు,

అన్నది అన్నట్టు రాశావు, సంతోషం.

మే నెలలో నాకు క్యూషూలో ఆటలున్నాయి. ముందే ఒప్పుకున్నవి. రాలేను.

వేరే ఒక పార్సెల్ కట్టాను, రైల్లో పంపుతాను. అందులో నా ఎర్ర కిమోనో, చెక్క కత్తి, విగ్గు ఉన్నాయి. గుమ్మం దగ్గర గాజు పెట్టెలో పెట్టుకోండి, వచ్చినవాళ్లు చూస్తారు. ఇక నాకు వాటితో పని లేదు.

శాలకు మంచి జరగాలి. హిసానోకు నా నమస్కారాలు. చిన్నప్పుడు నా జడ కత్తిరించింది ఆవిడే అని గుర్తుచెయ్యి.

షినో

---

ఉమెగావా,
మార్చి 19

అత్తయ్య గారికి,

మీ పేరుతో గోడ కాగితాలు అచ్చయిపోయాయి. రెండు వందలు. ఊరివాళ్లంతా డబ్బిచ్చి స్నానం చేసే స్నానాల ఇళ్ల దగ్గర, బస్సు స్టాండులో నా చేతులతోనే అంటించాను. తప్పు నాదే, మీరు ఒప్పుకోకముందే తొందరపడ్డాను.

"పెద్ద ఊరి నటి, మన చెక్క శాల ఆవిడ కాలికి ఆనుతుందా" అని హిసానో గారు అంది. వాదించడానికి నా దగ్గర ఏముంది గనక?

క్యూషూలో మీ ఆటలు బాగా జరగాలని కోరుకుంటున్నాను.

నగోషి తెత్సురో

---

ఉమెగావా,
ఏప్రిల్ 12, గురువారం

అత్తా,

పోయినసారి కోపంలో రాశాను. మన్నించు. ఈసారి చాలా సంగతులున్నాయి, వరసగా చెప్తాను.

నీ పార్సెల్ నేనే మోసుకొచ్చాను. నాన్న తాడు విప్పాడు. ఎర్ర కిమోనో చూసి వెనక్కి కూర్చుండిపోయాడు.

"ఏ ఆసుపత్రి?" అన్నాడు.

"ఆసుపత్రేంటి నాన్నా? ఆవిడ క్యూషూలో ఆడుతోంది."

"వేషం బట్టలు పంచిపెట్టేసి ఏం కట్టుకుని ఆడుతుందిరా? ఇక పని లేదని రాసింది, చూడు. బతకాలనుకున్న నటి రాసే మాటేనా అది? ఇరవై ఏళ్లు ఉత్తరాలు మోశావు గాని చదవడం నేర్చుకోలేదు."

ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే టపా పంచడానికి బయలుదేరితే శాల లోపల సుత్తి చప్పుడు. తాళం వేసినట్టే ఉంది. చుట్టూ తిరిగి చూస్తే ప్రహరీ పక్కన నరకానికి గాలి వచ్చే చిన్న కిటికీ తెరిచి ఉంది. అందులోంచి దూరాను. ప్యాంటు చిరిగింది. పూలబాట కింద, దీపం పెట్టుకుని, వెల్లకిలా పడుకుని మా నాన్న!

మినేకిచి గారి దయ్యం ఆయనేనట. ఫిబ్రవరి నుంచీ వస్తున్నాడట. "మీవాళ్లు కొట్టిన మేకులు చూస్తే అన్నం సహించడం లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆవిడ్ని రావద్దన్నది నువ్వే కదా!" అన్నాను.

"నేనెప్పుడన్నాను?"

"పూలబాట మీద అడుగు పెట్టనివ్వనన్నావుగా!"

ఆయన దీపం ఎత్తి పైపలకకు ఉలి గుచ్చాడు. వెన్నలో దిగినట్టు దిగింది. "చూడు. పొడుగునా చెదలు. దీని మీద ఎగిరి కత్తి తిప్పితే కాలు విరుగుతుంది. చేతిలో పనిముట్టు ఉండగా, నేను బతికుండగా, చెల్లెల్ని చెదల చెక్క మీద నడిపిస్తానా? పలకలన్నీ మార్చేదాకా వద్దన్నాను. ఆ మాత్రం అర్థం కాదా?"

ఆయన మూడు మాటలంటే మిగతా ముప్పై మనమే ఊహించుకోవాలి అత్తా. అమ్మ ఊహించేది. నాకు చేతకాలేదు. నిన్ను బాధపెట్టాను.

ఆదివారం నేను ఒసాకా వస్తున్నాను. వద్దని రాయడానికి నీకు వ్యవధి లేదు. ఈ ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందుతుంది, ఆ లెక్క నాకు బాగా తెలుసు.

తెత్సురో

---

ఒసాకా,
ఏప్రిల్ 18

ఒరేయ్ తెత్సురో,

నువ్వు తెచ్చిన టోఫు మూడు రోజులు తిన్నాను. హిసానో చెయ్యి మారలేదు.

నువ్వు చూసినవి చూడనట్టు నటించావు. ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు. నటన నీ ఒంట్లో లేదు. నేను మెట్లు వెనక్కి తిరిగి, కమ్మి పట్టుకుని, ఒక్కొక్కటే దిగుతుంటే నువ్వు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డావు. ఆ క్యాలెండరు పోయిన సంవత్సరానిది.

కాబట్టి దాచి లాభం లేదు. క్యూషూ లేదు, ఆటలు లేవు. మా ఆడవాళ్ల కత్తి నాటకాల బృందం లేచిపోయి తొమ్మిదేళ్లయింది. నువ్వు చూసిన ఆ స్నానాల ఇంట్లోనే గల్లా దగ్గర కూర్చుని తువ్వాళ్లు ఇస్తాను. మంచి పనే. వెచ్చగా ఉంటుంది, ఊరి కబుర్లన్నీ నా ముందే జరుగుతాయి. జబ్బేమీ లేదు, మీ నాన్నకు ఆ మాట గట్టిగా చెప్పు. మోకాళ్లు మాత్రం రెండూ పోయాయి. ముప్పై ఏళ్లు చెక్కల మీద దూకితే ఎవరివైనా పోతాయి.

పూలబాట అరవై అడుగులు. ఆ అరవై అడుగులు నడవలేనిదాన్ని, నేను పుట్టిన ఊళ్లో, నన్ను పందొమ్మిదేళ్ల పిల్లగా చూసినవాళ్ల ముందు, ఇద్దరు చంకలు పట్టుకుంటే ఎలా వస్తానురా? అందుకే కిమోనో పంపాను. అది నాకంటే బాగా నిలబడుతుంది.

మోకాళ్ల సంగతి అన్నయ్యకు చెప్పకు. ఒట్టు.

అత్త

---

ఉమెగావా,
ఏప్రిల్ 25

అత్తా,

చెప్పేశాను. ఒట్టు గట్టు మీద పెట్టాను.

మర్నాడు నాన్న పనికి పోలేదు. ఆ మర్నాడు ఒక పలక మీద పెన్సిలుతో బొమ్మ గీసి నా ముందు పెట్టాడు. పూలబాట మధ్యలో దయ్యాలు, మంత్రగాళ్లు పైకి లేచి వచ్చే గుంట ఉంది కదా, అది. పలక మీద మనిషి నిలబడితే కింద నలుగురు కలిసి భుజాలతో ఎత్తుతారు. ఎప్పుడో బిగుసుకుపోయింది. దాన్ని బాగుచేస్తానంటున్నాడు.

"నడవాల్సిన పని లేదు. అది పైకి వస్తుంది, మాట చెప్తుంది, కత్తి తిప్పుతుంది, కిందికి పోతుంది. ఎవరూ చంకలు పట్టుకోరు" అన్నాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "నిలబడగలదా, ఎంతసేపు నిలబడగలదు, అడుగు" అన్నాడు.

అడుగుతున్నాను.

తెత్సురో

---

ఒసాకా,
ఏప్రిల్ 28

పన్నెండు నిమిషాలు.

ముఖానికి తెల్లరంగు వేసుకోవడానికి పెద్ద అద్దం కావాలి. కుర్చీ ఎత్తుగా ఉండాలి. కిమోనో గాజు పెట్టెలోంచి తీసి ఎండలో వెయ్యండి, కర్పూరం వాసన పోవాలి.

దయ్యం వేషమేగా! అరవై దగ్గరపడ్డాయి, పెద్దగా రంగు కూడా అక్కర్లేదు. వస్తున్నాను.

షినో

---

ఒసాకా,
మే 20

నాయనా తెత్సురో,

నువ్వు ఆ రోజు గుమ్మం దగ్గర జనం చెప్పులు సర్దుతూ ఉండిపోయావు. పైన ఏం జరిగిందో కొంత చూసి ఉంటావు, కింద ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు. మీ నాన్న అసలే చెప్పడు. అందుకని రాస్తున్నాను.

ఆయన స్టేషనుకు రాలేదు, ఇంట్లో ఎదురుపడలేదు, అద్దాల గదికీ రాలేదు. మనసులో ఇంకా ఉందనుకున్నాను. రంగు వేసుకుని, హిసానో చెయ్యి పట్టుకుని నరకంలోకి దిగాను. తలకు తువ్వాళ్లు చుట్టుకుని నలుగురు మగవాళ్లు గుంట చుట్టూ కూర్చున్నారు. ముగ్గురు లేచి దండం పెట్టారు. నాలుగోవాడు గోడవైపు తిరిగి తాడు ముడి చూస్తున్నాడు. వీపు చాలదా నాకు? పదమూడేళ్లప్పుడు దుంగ తోసిన వీపే అది, కాస్త వంగింది.

నేనూ పలకరించలేదు. గొంతు చెడితే పైన మాట ఎలా చెప్పను? ఎక్కి నిలబడ్డాను. మినేకిచి "ఒకటి, రెండు" అన్నాడు. నేను ఆడిన నాటకశాలల్లో అలాంటి గుంట ఎక్కినప్పుడల్లా ఏదో ఒక మూల కుదుపుతుంది, మోకాళ్లు వంచి కాచుకోవాలి. వంచలేనే అని భయపడుతున్నాను. కుదుపే లేదురా. నీళ్లలో పడవ లేచినట్టు లేచాను.

తల పైకొచ్చేసరికి వెలుతురు, ఆ తర్వాత చప్పుడు. పై అంతస్తు దాకా మనుషులు. "షినో!" అని ఎవరో అరిచారు. నా రంగం పేరు కాదు, నా పేరే. ఇంటిపేరు కూడా కలిపి మళ్లీ అరిచారు. పన్నెండు నిమిషాలన్నాను కదా, పందొమ్మిది ఆడానట. నాకు తెలియలేదు. కత్తి దింపేటప్పుడు గాని మోకాళ్లు ఉన్నాయని గుర్తురాలేదు.

కిందికి దించారు. కాలు నేల మీద పెట్టగానే కూలిపోయాను. పట్టుకున్నది మీ నాన్న. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత మా అన్నయ్య నాతో అన్న మొదటి మాట చెప్పనా?

"బరువెక్కావే."

"నువ్వు ముసలాడివయ్యావు" అన్నాను.

మిగతా ముగ్గురూ మెల్లిగా పైకి వెళ్లిపోయారు. మంచివాళ్లు. ఇద్దరం పెట్టె మీద కూర్చున్నాం. నేనే అడిగాను. ఈ వయసులో అడగకపోతే ఇంకెప్పుడు? "ఆ రోజు గడియ ఎందుకు వేశావు?" అని.

ఆయన నావైపు చూశాడు, నాకేదో పిచ్చి పట్టినట్టు. "నాన్న లేచాడు కదా. నీ వెనకాలే వచ్చేవాడు. బండి అందేదాకా ఆపాలి కదా. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను" అన్నాడు.

తెత్సురో, ఆ గడియ నా మీద వేసింది కాదు. మా నాన్న మీద వేసింది.

నన్ను వెతికి ఈడ్చుకొస్తానని మా నాన్న రంకెలేశాడట. వెతకనని ఆయన చేత ఒప్పించడానికి మీ నాన్న ఒక మాట ఇచ్చాడట, తాను ఇక జన్మలో హినజురు గుమ్మం తొక్కనని. పనికి తప్ప దేనికీ పనికిరాని కొడుకైనా నాటకాల పాలు కాకుండా తనకు మిగలాలని ముసలాయన ఆశ. శాల మీద నాకంటే ఎక్కువ ప్రాణం పెట్టుకున్నవాడు అన్నయ్య. నేను వెళ్లి ఆడుకున్నాను, ఆయన ఇక్కడుండి చూడకుండా ఉన్నాడు.

"నాన్న పోయి ఇరవై ఏళ్లయింది కదా" అన్నాను.

"మాట పోలేదు కదా" అన్నాడు.

"మరి ఇప్పుడు తొక్కావుగా?"

"ఎక్కడ తొక్కాను? కిటికీలోంచి దూరి వచ్చాను."

నవ్వానో ఏడ్చానో తెలియదు, ముఖం రంగంతా కారి ఎర్ర కిమోనో మీద పడింది. "ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది?" అంటే, "నువ్వు అడగలేదు" అన్నాడు. పోనీలే అనుకున్నాను. నేను రాసిన ముప్పై ఎనిమిది కార్డుల్లోనూ వాతావరణం తప్ప ఏమీ లేదు.

అత్త

---

ఉమెగావా,
జూన్ 16

అత్తా,

నిలబడింది! నిన్న ఓటు వేశారు. పదకొండు మంది శాల ఉండాలన్నారు, ఏడుగురు వద్దన్నారు. నడపాల్సింది మాత్రం మేమేనట. ఊడ్చడం, తోయడం, చెప్పులు సర్దడం అన్నీ. "ఇన్నాళ్లూ చేసింది ఏంటి మరి?" అంది హిసానో గారు, గెలిచినందుకు కూడా తిట్టింది.

నెలకో ఆట పెట్టాలనుకుంటున్నాం. మా ఇరవై ముగ్గురిలో ఎనిమిది మందికి ఆడాలని ఉంది. అందులో మినేకిచి గారు ఒకరు, దేవుడే దిక్కు. ఎవరైనా నేర్పితే బాగుండునని అందరూ నావైపు చూస్తున్నారు. నేను నీవైపు చూస్తున్నాను. స్నానాల ఇల్లు వదలమనను. వేసవి పోయాక రెండు నెలలు రా.

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. మధ్యలో లేచి వెళ్లి దొడ్లో చెక్కలు పేర్చుకున్నాడు. కానీ అవి అంతకుముందే పేర్చి ఉన్నాయి.

తెత్సురో

---

ఒసాకా,
జూన్ 27

ఒరేయ్ తెత్సురో,

వానలు పట్టుకున్నాయి. స్నానాల ఇంటికి వచ్చేవాళ్లు తడిసే వస్తున్నారు, తడిసే పోతున్నారు.

నిన్న నాకు పొడుగాటి పార్సెల్ వచ్చింది. మన ఊరి ముద్ర ఉంది. విప్పితే చేతికర్ర. చెర్రీ చెక్క, పిడి దగ్గర పట్టులా నునుపు. లోపల ఉత్తరం ఉందేమోనని చుట్టిన కాగితాలన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాను. లేదు. ఒక కాగితం ముక్క మీద ఏదో గీత కనిపిస్తే దీపం దగ్గరికి తీసుకెళ్లాను. రెండు అడుగుల ఏడు అంగుళాలన్న కొలత, అంతే. ఎవరి కొలతో పట్టుకుని నిలబడగానే తెలిసింది. నన్ను ఎప్పుడు కొలిచాడో! టేపు తీయడం నేను చూడలేదు.

నేనూ ఉత్తరం రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. "అన్నయ్యా" అని రాశాక చెయ్యి ఆగిపోతోంది. మూడు కాగితాలూ అలాగే ఉన్నాయి. వాటిని ఈ కవరులోనే పెడుతున్నాను. ఆయనకు ఇవ్వు. చదవడానికి అంతకంటే ఎక్కువ ఆయనకూ అక్కర్లేదేమో.

సెప్టెంబరు 3, సోమవారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. మినేకిచిని అప్పటిదాకా గొంతు చించుకోవద్దని చెప్పు. స్టాండుకు నువ్వు రాకు, నీకు ఉత్తరాలు పంచే పనుంటుంది. మీ నాన్నను పంపించు.

అత్త
షినో